నాలుగు జాముల కావలి: ఆగమన కాల చరిత్ర

ఈ శతవార్షిక సంచికలో మన పితరులు కట్టిన దేవాలయములను గూర్చియు, పాఠశాలలు, వైద్యశాలలను గూర్చియు, వాటిలో సేవ చేసిన దైవజనులను గూర్చియు వ్రాయువారు అనేకులు గలరు. అవి తప్పక వ్రాయవలసినవే. అయితే మన సంఘములు ఏటేట పాటించుచు వచ్చిన ఒక కాలమును గూర్చి వ్రాయువారు అరుదు. కాలమునకు పునాదిరాయి యుండదు, గోడమీద పాలరాతి ఫలకము ఉండదు. అందుచేత దానికి చరిత్ర లేదని తలంచుట సహజము. కాని క్రిస్మసుకు ముందు వచ్చు ఆగమన కాలమునకు పదునాలుగు, పదునైదు వందల ఏండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్ర యంతటిలో నడుమ నిలిచిన మాట ఒక్కటే, అది మెలకువ. సంఘము ఏ రీతిగా మేలుకొని యుండెను, ఎక్కడ కునికెను అను సంగతులను మాకు తెలిసినంత మట్టుకు పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

మార్కు సువార్త 13వ అధ్యాయము చివరను ప్రభువు ఒక చిన్న ఉపమానము చెప్పెను. ఇంటి యజమానుడొకడు దూరము పోవుచు దాసులలో ఎవరి పని వారికి అప్పగించి, వాకిటి కావలివానికి మెలకువ ఆజ్ఞాపించి వెళ్లెను. అతడు తిరిగి వచ్చు వేళ ఎవరికిని తెలియదు. అది సందె వేళ కావచ్చును, నడిరేయి కావచ్చును, తొలి కోడి వేళ కావచ్చును, వేకువ కావచ్చును. ఈ నాలుగు వేళలు ప్రభువు ఊరక చెప్పినవి కావు. ఇవి ఆ దినములలో పాలస్తీనాను ఏలుచున్న రోమీయుల సైన్యములో రాత్రి కావలికి ఏర్పరచిన నాలుగు భాగములు. యూదులు పూర్వము రాత్రిని మూడు భాగములుగా లెక్కించెడివారు. గిద్యోను మిద్యానీయుల దండు మీదికి పోయినది ఆ లెక్కలోని నడిమి భాగముననే. రోమీయుల లెక్కలో ఒక్కొక్క భాగము సుమారు మూడు గంటలు. మన జాము కూడ మూడు గంటలే, మన రాత్రికి కూడ నాలుగు జాములే. కనుక మన బైబిలు అనువాదకులకు ఈ మాట కొరకు ఎక్కడను వెదకనక్కర లేకపోయెను.

ఈ కావలి భాగమునకు లాటిను భాషలో 'విగిలియ' అని పేరు. పండుగ ముందటి రాత్రి సంఘము చేయు జాగరణ ప్రార్థనకు ఆ పేరే వచ్చినది. అనగా మన భక్తిలోని ఈ మాట సైనికుల పాళెమునుండి వచ్చినదన్నమాట. పాళెములో ఒక నియమము కలదు. ఏ సైనికుడును నాలుగు జాములు కావలి కాయడు. తన జాము తాను కాచి, తరువాతివానిని లేపి, తాను పండుకొనును. మొదటివాడు నిద్రించుట తప్పు కాదు, రెండవవానిని లేపకుండ నిద్రించుట తప్పు. ఆత్మీయ మెలకువ అనగానే మనము ఏకాంతముగా మోకరించిన ఒక భక్తుని తలంచుకొందుము. ఆగమన కాల చరిత్రను చదివినకొలది ఆ చిత్రము మారును. సంఘపు మెలకువ వంతులవారీ పని. ఒకడు నిద్రించునప్పుడు మరియొకడు లేచి యుండుటయే దాని బలము.

మన పల్లె సంఘములకు దీనిని ఎవరును క్రొత్తగా నేర్పనక్కర లేదు. కృష్ణా గోదావరి డెల్టాలలో ఆగమన కాలము వరికోతల కాలము. పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చి, గింజ ఇల్లు చేరువరకు కళ్ళములో రాత్రులు ఎవరో ఒకరు పడుకొనవలెను. మెట్ట గ్రామములలో జొన్నచేను కంకి మీదనున్నప్పుడు మంచె మీద ఒక మనిషి యుండవలెను. మన తొలి తరపు విశ్వాసులలో ఎక్కువమంది పాలేర్లు, కూలివారు. వారు కాచిన కళ్ళములు చాలవరకు వారివి కావు, కామందులవి. యజమానుని సొత్తు అతడు వచ్చువరకు కాయుట అను మాట వారికి ఉపమానము కాదు, దినచర్య. కళ్ళము కాయువాడు తెల్లవార్లు కండ్లు తెరచుకొని కూర్చుండడు. గడ్డి మీద దుప్పటి పరచుకొని కునుకు తీయును. అయినను పశువు కాలి అలికిడికి లేచును. మత్తయి 25వ అధ్యాయములోని పదిమంది కన్యకల సంగతియు అట్టిదే. బుద్ధిగలవారు మేలుకొనిరి, బుద్ధిలేనివారు నిద్రించిరి అని మన ప్రసంగములలో తరచుగా వినబడుచుండును గాని, సువార్త ప్రకారము పదిమందియు నిద్రించిరి. భేదము నిద్రలో లేదు, నూనెలో ఉన్నది.

ఇక చరిత్రకు వత్తము. ఆగమనము అను పేరు ఇంకను లేని దినములలో, 380వ సంవత్సరమున, స్పెయిను దేశములోని సరగోసా పట్టణమున కొందరు అధ్యక్షులు సభ కూడిరి. వారు చేసిన నిర్ణయములలో ఒకటి డిసెంబరు 17 మొదలు జనవరి 6 వరకుగల ఇరువదియొక్క దినములను గూర్చినది. ఆ దినములలో విశ్వాసులెవరును దేవాలయమునకు రాక మానరాదు, ఇండ్లలో దాగుకొనరాదు, పొలములకు, కొండలకు వెళ్లిపోరాదు, వట్టి కాళ్లతో తిరుగరాదు. ఈ నిర్ణయము విచిత్రముగా తోచవచ్చును. ఆ కాలమున అక్కడ కొందరు తాము అధిక భక్తులమని తలంచి సంఘమును విడిచి ఏకాంతములలో తమ స్వంత నియమములు పాటించుచుండిరి. సభ వారికి చెప్పినది ఇది: ఈ దినములలో కావలి అందరితో కలసి కాయవలెను. క్రిస్మసు చుట్టునున్న దినములను గూర్చి సంఘము చేసిన నిర్ణయములలో మిక్కిలి పాతవాటిలో ఒకటైన ఇది ఒంటరి భక్తికి విరుద్ధముగా నుండుట గమనింపదగినది.

తరువాతి శతాబ్దమున గాలు దేశములో, అనగా నేటి ఫ్రాన్సులో, తూరు పట్టణపు అధ్యక్షుడైన పెర్పెతువు భక్తుడైన మార్టిను దినము (నవంబరు 11) మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవాసము నియమించెను. ఈ సంగతిని ఆ పీఠముననే తరువాత కూర్చుండిన గ్రెగరీ అను చరిత్రకారుడు వ్రాసిపెట్టెను. ఆరవ శతాబ్దపు ఉత్తరార్ధములో మాకోను పట్టణపు సభ సోమ, బుధ, శుక్రవారములను ఇందుకు స్థిరపరచెను. జనులు దీనిని మార్టిను లెంటు అని పిలిచిరి. తూర్పు సంఘములలో నవంబరు 15 మొదలు నలుబది దినముల ఉపవాసము నేటికిని కలదు. మన దేశములో మలయాళ సీమలోని తోమా క్రైస్తవులు ఇరువదియైదు దినముల నోము పాటింతురు. మిలాను పట్టణమున ఆగమన ఆదివారములు ఆరు. మనకు నాలుగే యుండుట రోమాపురి వాడుకనుండి వచ్చినది.

రోమాపురిలో ఈ కాలము ఉపవాస కాలముగా గాక క్రీస్తు జననమునకు సంతోషముతో సిద్ధపడు కాలముగా పెరిగెను. గాలు దేశమున తీర్పు దినమును తలంచుకొని భయభక్తులతో గడపిరి. రాకడలు రెండు గనుక రెండును సరియైనవే. కొన్ని శతాబ్దముల తరువాత ఈ రెండు ప్రవాహములు కలసిపోయెను. అందుచేతనే మన ఆగమన కాలమున ఊదా రంగు వస్త్రమును, హల్లెలూయయు ఒకే దేవాలయములో కనబడును, వినబడును. 1153లో మరణించిన బెర్నార్దు అను భక్తుడు ఈ రెండు రాకడల నడుమ మూడవది యొకటి కలదనియు, అది విశ్వాసి అంతరంగమునకు దినదినము మరుగుగా జరుగు రాకడ యనియు బోధించెను. ఇంటి యజమానుడు రాకమునుపే ఒక్కొక్కమారు నిశ్శబ్దముగా కిటికీలోనుండి చూచి పోవును కాబోలు అని మాకు తోచును.

రోమాపురి ఆగమన ప్రసంగములలో ఒకదానిని ఇచ్చట కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. మహా గ్రెగరీ అని పేరొందిన అధ్యక్షుడు 590లో ఆ పీఠమెక్కెను. నగరమున తెగులు వ్యాపించి జనులు రాలుచున్న దినములవి. ఒక ఆగమన ఆదివారమున ఆయన పేతురు దేవాలయములో లూకా 21వ అధ్యాయమునుండి ప్రసంగించెను. సూర్యచంద్రులలో సూచనలు, సముద్ర ఘోష, జనుల కలవరము అను వాక్యభాగమది. అంతకు రెండు దినముల క్రిందటనే నగరముమీద పెనుగాలి వీచి ముసలి చెట్లను పెల్లగించి, ఇండ్లను, దేవాలయములను సయితము కూల్చియుండెను. ఆయన జనులకు దానినే చూపెను. సాయంకాలము ఆరోగ్యముగా నుండి రేపు ఈ పని చేయుదము, ఆ పని చేయుదము అనుకొనినవారు ఎందరో ఆ రాత్రియే గోడల క్రింద ఒరిగిపోయిరి గదా అని తలపోయించెను. గాలికే ఇంతగా అదరితిమే, గాలిని పుట్టించినవాడు వచ్చునప్పుడు ఏమి చేయుదుము అనునది ఆయన ప్రశ్న యొక్క సారాంశము.

తెలుగువారు ఈ ప్రసంగమును చదివినప్పుడు 1977వ సంవత్సరము తలంపునకు రాక మానదు. ఆ ఏట నవంబరు 19, శనివారము దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడెను. మరునాడు ఆగమనమునకు ముందటి ఆదివారము. ఎనిమిది దినములకు, 27వ తేదీన, మొదటి ఆగమన ఆదివారము. తాడిచెట్ల ఎత్తున నీరు వచ్చినదని బ్రతికినవారు చెప్పిరి. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతములలో వేలాది ప్రాణములు ఒక్క పూటలో పోయెను. ఊళ్లకు ఊళ్లు లేచిపోయెను. శవములను గుర్తించువారు లేక సామూహికముగా దహనము చేసిరి, పూడ్చిరి. ఆంగ్లికనుల పాత సామాన్య ప్రార్థనల పుస్తకములో రెండవ ఆగమన ఆదివారమునకు నియమించిన సువార్త గ్రెగరీ ప్రసంగించిన ఆ లూకా 21వ అధ్యాయమే. ఆ ఏట అది డిసెంబరు 4న వచ్చినది. ఆ క్రమము ననుసరించి సముద్ర ఘోషను గూర్చి చదువవలసివచ్చిన కృష్ణా తీరపు గురువు ఎవరైనను, ఆ మాటను ఏ గొంతుతో పలికియుండునో మనము ఊహింపవచ్చును.

అట్టి ఉపద్రవము దేవుని శిక్ష యని చెప్పుటకు మాకు నోరు రాదు. పోయినవారిలో ఎక్కువమంది పూరిండ్లలోనివారు, సముద్రమును నమ్ముకొని బ్రతుకువారు. సిలోయము గోపురము క్రింద పడి చచ్చినవారు ఇతరులకంటె పాపులు కారని ప్రభువే చెప్పియున్నాడు. 1977 నేర్పినది వేరొక సంగతి. ఆ తరువాత తీరము పొడవున తుపాను ఆశ్రయ భవనములు లేచెను. వాటిని కట్టుటలో సంఘములకును పాలు కలదు. 1990 మే 9న అంతకు తీసిపోని తుపాను కృష్ణ ముఖద్వారము చెంతనే తీరము దాటినప్పుడు లక్షకు పైగా జనమును ముందుగానే తరలించిరి. మృతుల సంఖ్య వెయ్యికి లోబడెను. వెయ్యి చిన్న సంఖ్య కాదు. అయినను రెండు తుపానుల నడుమ సముద్రము మారలేదు, కావలి మారినది. ఎవరు ఏ వార్తను వినవలెనో, ఎవరు ఏ తలుపు తట్టవలెనో ముందుగా నిర్ణయించుకొనిన పనియే వారిని కాపాడెను. మార్కు సువార్తలోని యజమానుడు కావలివానికి మెలకువ ఆజ్ఞాపించుటకు ముందు దాసులలో ఎవరి పని వారికి అప్పగించెనని పైన వ్రాసితిమి. ఆ వరుసను మరువరాదు.

మధ్యయుగములలో ఆగమన కాలపు చివరి వారమునకు ఒక అందమైన ఆచారము ఏర్పడెను. డిసెంబరు 17 మొదలు 23 వరకు సాయంకాల ప్రార్థనలో దినమునకు ఒక్కటి చొప్పున ఏడు పల్లవులు పాడెడివారు. ఒక్కొక్క దానిలో క్రీస్తుకు ఒక్కొక్క పేరు: జ్ఞానము, ప్రభువు, యెష్షయి వేరు, దావీదు తాళపు చెవి, ఉదయ తార, జనముల రాజు, ఇమ్మానుయేలు. లాటినులో ఈ ఏడు పేర్ల మొదటి అక్షరములను చివరినుండి వెనుకకు చదివినచో 'ఎరో క్రాస్' అని వచ్చును. రేపు నేను ఇచ్చట నుందును అని దాని అర్థము. ఏడు దినములు పిలిచిన సంఘమునకు ఎనిమిదవ దినమున తన పిలుపులోనే జవాబు కనబడునట్లు కూర్చిరి. ఇంగ్లండులో దీనిని ఒక దినము ముందుగా 16నే మొదలు పెట్టెడివారు. 1662 నాటి ప్రార్థన పుస్తకపు పంచాంగములో ఆ తేదీకి ఎదురుగా ఆ మొదటి పల్లవి పేరు ఇప్పటికిని ముద్రితమై యున్నది.

డిసెంబరు 16 అనగానే మన ఇరుగుపొరుగువారి ధనుర్మాసము గుర్తుకు వచ్చును. ఇంచుమించు ఆ దినముననే అది మొదలగును. నెల పొడవునను వారు తెల్లవారకమునుపే లేచి స్నానములు చేసి కోవెలలకు పోవుదురు, వీధులలో హరిదాసులు తిరుగుదురు. అదే 16వ తేదీ మొదలు 24 వరకు ఫిలిప్పీను ద్వీపములలో రోమను కతోలిక విశ్వాసులు తొమ్మిది దినములు వేకువ చీకటిలోనే దేవాలయమునకు చేరుదురు. పొలము పనికి పోవు రైతులకు అనుకూలముగా ఆ వేళ ఏర్పడినదని చెప్పుదురు. వరి పండించు మనవంటి దేశమే అది. మన పల్లెలలో వేకువ ఆరాధన ఈస్టరుకు ఉన్నది గాని ఆగమనమునకు అంతగా లేకపోవుట మాకు కొంచెము చింతగానే యున్నది.

సంస్కరణ కాలమున ఇంగ్లండులో క్రాన్మరు 1549 నాటి ప్రార్థన పుస్తకమునకు మొదటి ఆగమన ఆదివారపు ప్రార్థనను క్రొత్తగా వ్రాసెను. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయములోని చీకటి క్రియలు, వెలుగు కవచము అను పోలికను అందులో నిలిపెను. 1662లో ఆ ప్రార్థనను క్రిస్మసు ముందటి దినము వరకు ప్రతి దినమును చెప్పవలెనని నియమించిరి. 1841లో మచిలీపట్నమునకు వచ్చిన నోబులు, ఫాక్సు దొరలు ఆ పుస్తకపు వాడుకలో పెరిగినవారు. మరుసటి ఏడు గుంటూరు చేరిన లూథరను మిషనెరీ హయ్యరు దొర సంఘమును సంవత్సర క్రమమును విడువనిదే. ఈ విధముగా ఆగమనము తెలుగు దేశమునకు రెండు త్రోవలలో వచ్చినది.

లూథరనుల దేశముననే ఆగమన చక్రము పుట్టెను. హాంబర్గు పట్టణములో బీద బాలురకొరకు ఆశ్రమము నడపుచుండిన వీఖర్ను అను గురువు 1839లో ఒక బండి చక్రము మీద చిన్న ఎఱ్ఱ కొవ్వొత్తులు ఇరువదియు, పెద్ద తెల్లవి నాలుగును నిలిపి దినమునకొక్కటి చొప్పున వెలిగించెను. క్రిస్మసు ఇంకను ఎన్ని దినములని అడుగు పిల్లలకు అది కంటికి కనబడు లెక్క. ఇప్పుడు మన దేవాలయములలో నాలుగు కొవ్వొత్తులే మిగిలినవి.

జర్మను దేశములోని హెర్నుహుటు గ్రామమున 1727 ఆగష్టులో మొరేవియను సహోదరులు ఇరువదినలుగురు, సహోదరీలు ఇరువదినలుగురు దినములోని ఇరువదినాలుగు గంటలను పంచుకొని, ఒక్కొక్కరు ఒక గంట ప్రార్థించుటకు ఒడంబడిరి. ఆ కావలి నూరు సంవత్సరములకు పైగా తెగక సాగినది. మనిషికి గంట మాత్రమే. కాని గ్రామము ఎన్నడును నిద్రించలేదు. ఆగమనమునకు వారు వ్రేలాడదీయు నక్షత్రమును చూచినవారికి మన ఇంటి ముంగిటి కాగితపు నక్షత్రము గుర్తుకు రాక మానదు. వారి ప్రభావము సోకిన జాన్ వెస్లీ 1740 దశకములో జాగరణ ఆరాధనలను ఆరంభించెను. కింగ్సువుడ్డు బొగ్గుగని కూలీలు మునుపు శనివారపు రాత్రులు సారాయి అంగడిలో గడపెడివారు. మారుమనస్సు పొందిన తరువాత ఆ రాత్రులనే ప్రార్థనలో గడపసాగిరి. వెస్లీ దానిని చూచి ఇతర సంఘములలోను నెలకొల్పెను. పిదప అది డిసెంబరు 31 రాత్రికి స్థిరపడెను. మెదకు ప్రాంతమునకు వెస్లియను మిషనెరీలు తెచ్చినది ఈ వాడుకయే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ప్రార్థన పుస్తకపు ఆగమనమును, వెస్లీ జాగరణయు ఒకే ఇంటికి చేరినవి.

ఒకే ఇంటికి చేరినను రెండును సమముగా వర్ధిల్లలేదు. డిసెంబరు 31 అర్ధరాత్రి మన దేవాలయములు క్రిక్కిరిసి యుండును. ఏడాదికొకసారి వచ్చువారును ఆ రాత్రి మేలుకొని వత్తురు. ఆగమన ఆదివారములు మాత్రము క్రమముగా కరగిపోవుచున్నవి. గత కొన్ని దశాబ్దములుగా మన తెలుగు సంఘములలో సెమీ క్రిస్మసు అను వేడుక బలపడినది. డిసెంబరు మొదటి వారమునుండియే కేకు కోయుదురు, పశువుల తొట్టి పేర్తురు, బాలయేసును పండుకొనబెట్టుదురు. దీనిని తేలికగా నిందించుట న్యాయము కాదు. ఒక గురువు క్రింద పది పల్లెలున్నచోట ఇరువదియైదవ తేదీన ఆయన అన్నిట నుండలేడు. వసతి గృహముల పిల్లలు సెలవులకు ఇండ్లకు పోవుదురు. కార్యాలయములలో అన్యమతస్థులైన మిత్రులను పిలుచుటకు అదే వీలు. రాత్రులు చలిలో ఇంటింటికి పాటలు పాడుచు తిరుగు యౌవనస్థులు ఒక విధముగా నిజమైన జాగరణ చేయుచున్నవారే. వారు రాత్రి రెండు గంటలకు తలుపు తట్టినప్పుడు లేచి దీపము వెలిగించి పలహారము పెట్టిన ముసలమ్మలు కన్యకల ఉపమానమును ఏ వ్యాఖ్యానమును చదువకయే ఎరిగినవారు.

మా మనవి ఒక్కటే. వేడుకలను వారపు దినములకు ఉంచి, నాలుగు ఆదివారములను ఆగమనమునకు విడిచిపెట్టవచ్చును గదా. ఆదివారము ఊదా వస్త్రము తీసివేసి తెల్లది పరచినచో ఆ వారపు కావలి కాయువాడు ఎవడును మిగలడు. పాళెములో ఒకడు నిద్రించిన మరియొకడు లేచి యుండును. అందరును ఒకేమారు పండుగకు కూర్చుండినచో లేపువాడుండడు. గాలు దేశపు ఉపవాసము మనకు భారమైనచో మొరేవియనుల గంట భారము కాదు. ఒక పాస్టరేటులో ఇరువదినలుగురు దొరకని యెడల పన్నెండుగురు రెండేసి గంటలు పంచుకొనవచ్చును.

ఆగమన కాలము పొడవు అన్ని ఏండ్లకు ఒకటి కాదు. క్రిస్మసు ఆదివారమున వచ్చిన ఏట ఇరువదియెనిమిది దినములు దొరకును; 2022లో అట్లే జరిగినది. క్రిస్మసు సోమవారమున వచ్చిన ఏట ఇరువదిరెండు దినములు మాత్రమే. నాలుగవ ఆదివారమే డిసెంబరు 24 అగును. ఆ ఉదయమున వెలిగించిన నాలుగవ కొవ్వొత్తి ఒక అంగుళమైనను కరగకమునుపే క్రిస్మసు రాత్రి గంట మ్రోగును. 2017లోను, 2023లోను ఇట్లు వచ్చినది. మరల 2028లో వచ్చును. ఆ ఏట మొదటి ఆగమన ఆదివారము డిసెంబరు 3. ఒకటవ తేదీననే సెమీ క్రిస్మసు జరుపు సంఘములు ఆ ఏట ఆగమనము ఇంకను మొదలు కాకమునుపే బాలయేసును తొట్టిలో పండుకొనబెట్టియుండును.